కెనడా నైపుణ్య వలస: గట్టి దరఖాస్తు తయారీ

చదువు, వృత్తి, భాష ఆధారంగా కెనడాలో శాశ్వత నివాసం కోరుతూ చేసుకునే దరఖాస్తును తెలుగువాళ్లు వాడుకలో 'కెనడా పీఆర్ ఫైల్' అంటారు. ఇందులో ప్రధానమైనది ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకం. 2015 నుంచి దీన్ని ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఆన్‌లైన్ విధానంలో నడుపుతున్నారు. కెనడా గడ్డ మీద ఒక్కరోజు కూడా పనిచేయనివారు హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో దుబాయ్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, అక్కడి యజమాని ఎవరూ పిలవకపోయినా, నేరుగా శాశ్వత నివాసిగా వెళ్లే వీలు ఈ పథకంలో ఉంది. అమెరికా హెచ్-1బీ వీసా యజమానిని బట్టి నడుస్తుంది. కెనడా పీఆర్‌కు ఆ ముడి లేదు.

ఈ దరఖాస్తులను చాలావరకు ఇంటర్వ్యూ లేకుండానే తేలుస్తారు. అధికారి దరఖాస్తుదారును చూడరు, మాట వినరు. వారి ముందు ఉండేవి అప్‌లోడ్ చేసిన కాగితాలే. కాబట్టి మార్కులు ఎక్కువున్నంత మాత్రాన దరఖాస్తు గట్టిదైపోదు. చెప్పుకున్న ప్రతి మార్కుకూ, ముక్కూమొహం తెలియని అధికారి సైతం సరిచూసుకోగల ఆధారం ఉండాలి. మార్కులు బాగా ఉండి కూడా తిరస్కారానికి గురైన ఫైళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

నేపథ్యం

వలసదారులను మార్కుల పద్ధతిలో ఎంచుకోవడం కెనడా 1967లో మొదలుపెట్టింది. ఏ దేశంలో పుట్టారన్నది పక్కనపెట్టి చదువు, వయసు, భాష, వృత్తి చూడాలన్నది దాని ఉద్దేశం. ప్రస్తుత విధానానికి ఆధారం 2002లో అమల్లోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ ప్రొటెక్షన్ చట్టం. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ముందు, ఎవరి ఫైలు ముందు అందితే వారిది ముందు చూసేవారు. ఫైళ్లు పేరుకుపోయి ఏళ్లకేళ్లు పట్టేది. చివరికి 2008 ఫిబ్రవరి 27కు ముందు అంది, అప్పటికీ తేలని దరఖాస్తులను 2012లో చట్టం చేసి రద్దు చేశారు. కుటుంబ సభ్యులతో కలిపి దాదాపు 2,80,000 మంది నిరీక్షణ అలా ముగిసింది. ఫీజులు తిరిగి ఇచ్చినా, ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలకు అది చిన్న దెబ్బ కాదు.

2015 జనవరి 1న వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వరుస పద్ధతి లేదు. ముందుగా ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ వేయాలి. అర్హత ఉంటే అది 'పూల్'లో చేరుతుంది. కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ అప్పుడప్పుడు డ్రా తీసి, ఎక్కువ మార్కులున్నవారిని దరఖాస్తుకు పిలుస్తుంది. ఈ పిలుపునే అందరూ 'ఐటీఏ' అంటారు. ప్రొఫైల్ 12 నెలలు పూల్‌లో ఉంటుంది. క్యూబెక్ రాష్ట్రం తన నైపుణ్య వలసదారులను తానే ఎంచుకుంటుంది. అక్కడ స్థిరపడాలనుకునేవారికి ఈ దారి పనికిరాదు.

రెండు లెక్కలు

కొత్తగా మొదలుపెట్టేవారు తరచుగా రెండు వేర్వేరు లెక్కలను కలిపేసుకుంటారు. మొదటిది అర్హత లెక్క. భాషకు 28, చదువుకు 25, అనుభవానికి 15, వయసుకు 12, కెనడాలో ఖాయమైన ఉద్యోగానికి 10, అక్కడ ఇమడగల అనుకూలతలకు 10 చొప్పున మొత్తం 100 మార్కులకు 67 రావాలి. ఇది గుమ్మం దాటడానికి మాత్రమే. '67 వచ్చాయి, ఇక పీఆర్ వచ్చినట్టే' అనే మాట కన్సల్టెన్సీల గదుల్లో వినిపిస్తూ ఉంటుంది, అది నిజం కాదు.

అసలు పోటీ రెండో లెక్కలో, అంటే సీఆర్‌ఎస్‌లో ఉంటుంది. ఇది 1,200 మార్కులకు. ఇందులో వయసు కఠినమైనది. ఒంటరిగా దరఖాస్తు చేసేవారికి 20 నుంచి 29 ఏళ్ల మధ్య 110 మార్కులు వస్తాయి. 30కి 105, 35కి 77, 40కి 50. 45 నిండితే సున్నా. డిగ్రీకి 120, మాస్టర్స్‌కు 135, పీహెచ్‌డీకి 150. జీవిత భాగస్వామితో కలిసి వెళ్తుంటే ఈ అంకెలు కొంచెం తగ్గి, ఆ తేడా భాగస్వామి చదువు, భాష, కెనడా అనుభవాలకు మళ్లుతుంది. అందుకే భార్యాభర్తలిద్దరికీ అర్హత ఉంటే, ఎవరిని ప్రధాన దరఖాస్తుదారుగా పెడితే మార్కులు ఎక్కువొస్తాయో రెండు విధాలా లెక్కవేసి చూసుకోవాలి. మన ఇళ్లలో ఆలోచించకుండానే భర్త పేరు ముందు పెట్టడం అలవాటు. భార్య వయసు తక్కువై, ఇంగ్లిష్ మెరుగ్గా ఉంటే ఆ అలవాటు వల్ల పదుల మార్కులు పోతాయి.

ఏదైనా రాష్ట్రం నామినేట్ చేస్తే 600 మార్కులు కలుస్తాయి. దాంతో పిలుపు దాదాపు ఖాయం. తోడబుట్టినవారు కెనడాలో పౌరులుగానో శాశ్వత నివాసులుగానో ఉంటే 15. ఉద్యోగ ఆఫర్‌కు ఒకప్పుడు 50 నుంచి 200 మార్కుల వరకు వచ్చేవి. ఆఫర్లు కొనుక్కునే దందా పెరగడంతో 2025 మార్చి 25 నుంచి వాటిని పూర్తిగా తీసేశారు. ఆ తర్వాత కూడా 'ఆఫర్ లెటర్ ఇప్పిస్తాం, మార్కులు పెరుగుతాయి' అంటూ డబ్బు అడిగేవారి మాట నమ్మనక్కర్లేదు.

2023 నుంచి కొన్ని డ్రాలను ప్రత్యేక వర్గాలకు కేటాయిస్తున్నారు. ఫ్రెంచ్ వచ్చినవారు, ఆరోగ్య రంగంలో ఉన్నవారు, నిర్మాణం వంటి చేతివృత్తులవారు వీటిలో కొన్ని. సైన్స్, ఇంజినీరింగ్ వర్గాన్ని 2025 ఫిబ్రవరిలో కుదించినప్పుడు సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఉద్యోగాలు ఆ జాబితాలోంచి పోయాయి. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్లు, సైబర్ సెక్యూరిటీ నిపుణులు మిగిలారు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇది పెద్ద మార్పు. మరోవైపు ఫ్రెంచ్ వర్గపు కటాఫ్‌లు చాలా కిందికి దిగాయి. 2025 మార్చి 21న అది 379. అదే ఏడాది కెనడాలో ఇప్పటికే పనిచేస్తున్నవారి కోసం తీసిన డ్రాలు 500కు పైనే ఆగాయి. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగు నైపుణ్యాల్లోనూ కెనడా భాషా ప్రమాణం ప్రకారం ఫ్రెంచ్ ఏడో స్థాయికి చేరితే అదనపు మార్కులూ వస్తాయి, వేరే డ్రాలో చోటూ దొరుకుతుంది. ఇంగ్లిష్‌లో ఇప్పటికే పై స్థాయిలో ఉన్నవారికి ఏడాది, ఏడాదిన్నర కష్టపడి ఫ్రెంచ్ నేర్చుకోవడం ఇవాళ అన్నిటికన్నా ఫలితమిచ్చే పని.

2021 ఫిబ్రవరి 13న కటాఫ్ 75కు పడిపోయి ఒకేసారి 27,332 మందికి పిలుపులు వెళ్లాయి. ఆ అంకె ఇప్పటికీ ప్రచారంలో ఉంది. అయితే అది కోవిడ్ రోజుల్లో, కెనడాలో అప్పటికే పనిచేసిన అనుభవం ఉన్నవారికి మాత్రమే తీసిన డ్రా. ఇండియాలో కూర్చుని ప్రొఫైల్ వేసేవారికి దాంతో సంబంధం లేదు.

భాషా పరీక్ష

చేతిలో ఉన్న వాటిల్లో మార్కులు పెంచుకునే వీలు అందరికీ ఉన్నది ఇక్కడే. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్, సెల్పిప్ జనరల్, 2024 నుంచి పీటీఈ కోర్ పరీక్షలను ఇంగ్లిష్‌కు ఒప్పుకుంటారు. ఎంఎస్ కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ చెల్లదు. ఏ పరీక్ష రాసినా ఆ స్కోరును కెనడా భాషా ప్రమాణమైన సీఎల్‌బీకి మార్చి చూస్తారు. అర్హతకు నాలుగింటిలోనూ సీఎల్‌బీ 7 చాలు. అంటే ఐఈఎల్‌టీఎస్‌లో ప్రతి విభాగంలో 6. పోటీలో నిలవాలంటే సీఎల్‌బీ 9 కావాలి. దానికి లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున రావాలి.

8కీ 9కీ మధ్య తేడా ఒక్క మెట్టే కదా అనిపిస్తుంది. ఒక లెక్క చూద్దాం. 29 ఏళ్ల వయసు, మాస్టర్స్ డిగ్రీ, మూడేళ్లకు పైగా ఇండియా అనుభవం ఉన్న అవివాహితురాలికి నాలుగింటిలోనూ సీఎల్‌బీ 8 ఉంటే వయసుకు 110, చదువుకు 135, భాషకు 92, చదువు-భాష, అనుభవం-భాష కలయికలకు 25 చొప్పున 50, మొత్తం 387. అదే మనిషి సీఎల్‌బీ 9 తెచ్చుకుంటే భాషకు 124, కలయికలకు 100, మొత్తం 469. ఒక్క మెట్టుకు 82 మార్కులు. ఏ ఒక్క విభాగం 9 కిందికి జారినా కలయికల మార్కులు సగానికి పడిపోతాయి. మనవాళ్లకు ఎక్కువగా రైటింగ్‌లో ఆరున్నర దగ్గర ఆగిపోతుంది. తక్కువైన ఆ అర మార్కు కోసం పరీక్ష మళ్లీ రాయడం ఎంతమాత్రం వృథా కాదు.

ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి. ప్రొఫైల్ వేసిన రోజునే కాదు, పూర్తి దరఖాస్తు పంపే రోజునా చెల్లుబాటులో ఉండాలి.

చదువు అంచనా

విదేశీ డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పే నివేదికను ఈసీఏ అంటారు. ఐఆర్‌సీసీ గుర్తించిన సంస్థలే దాన్ని ఇవ్వాలి. వాటిలో తెలుగువారికి బాగా తెలిసింది వెస్. ఐక్యాస్, ఐకాస్, టొరంటో విశ్వవిద్యాలయపు విభాగం కూడా ఉన్నాయి. డాక్టర్లు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ కెనడా నుంచి, ఫార్మసిస్టులు తమ వృత్తి పరీక్షా మండలి నుంచి తెచ్చుకోవాలి. నివేదిక ఐదేళ్లు చెల్లుతుంది.

దీన్ని అన్నిటికన్నా ముందు మొదలుపెట్టాలి. ఆలస్యం జరిగేది అంచనా సంస్థ దగ్గర కాదు, మన విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాల దగ్గర. ట్రాన్‌స్క్రిప్టులు దరఖాస్తుదారు చేతి మీదుగా కాకుండా విశ్వవిద్యాలయం నుంచే సీలు వేసిన కవర్లోనో, ఎలక్ట్రానిక్‌గానో వెళ్లాలి. అనుబంధ కళాశాల ప్రిన్సిపాల్ సంతకం సరిపోతుందనుకుని నెలలు పోగొట్టుకున్నవారున్నారు. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా విడిపోయింది. ఆ సంధికాలంలో చదివినవారు తమ రికార్డులు ఎక్కడున్నాయో ముందే కనుక్కోవాలి. కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, ప్రొవిజనల్ తీసుకుని ఒరిజినల్ డిగ్రీని ఏళ్ల తరబడి విశ్వవిద్యాలయంలోనే వదిలేసినవారు దానికీ అప్పుడే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది.

డిగ్రీతో పాటు మరో డిప్లొమా ఉంటే 120కి బదులు 128 మార్కులు వస్తాయి. వాటిలో ఒకటి కనీసం మూడేళ్ల కోర్సై ఉండాలి. రెండింటికీ అంచనా నివేదిక ఉంటేనే ఆ మార్కులు చెప్పుకోవాలి.

అనుభవ పత్రం

ఫైలు నిలబడేదీ కూలేదీ ఇక్కడే. గత పదేళ్లలో కనీసం ఒక ఏడాది, ఆపకుండా, జీతం తీసుకుంటూ చేసిన పని ఉండాలి. వారానికి 30 గంటల చొప్పున 1,560 గంటలు. ఆ పని కెనడా వృత్తుల పట్టిక ఎన్‌ఓసీలో 0, 1, 2, 3 స్థాయిల్లో ఏదో ఒకదానికి చెందాలి. 2022 నవంబర్ 16 నుంచి ఐదంకెల కోడ్లు వాడుతున్నారు. ఉదాహరణకు సాఫ్ట్‌వేర్ డెవలపర్లకు 21232, సివిల్ ఇంజినీర్లకు 21300, రిజిస్టర్డ్ నర్సులకు 31301.

కోడ్ ఎంచుకునేటప్పుడు హోదా పేరు చూడకూడదు, చేసిన పని చూడాలి. మన ఐటీ కంపెనీల్లో 'కన్సల్టెంట్', 'అసోసియేట్', 'అనలిస్ట్' అనే పేర్ల కింద ఒకరు కోడ్ రాస్తుంటారు, ఒకరు టెస్టింగ్ చేస్తుంటారు, మరొకరు క్లయింటుతో మాట్లాడుతుంటారు. ఎన్‌ఓసీలో ప్రతి కోడ్ కింద ఒక ప్రధాన వాక్యం, దాని కింద విధుల జాబితా ఉంటాయి. ఆ వాక్యంలో చెప్పిన పని చేసి ఉండాలి. విధుల్లో తప్పనిసరైనవన్నీ, మిగతా వాటిలో గణనీయమైన భాగం చేసి ఉండాలి.

ఇక పత్రం. మన దగ్గర కంపెనీ ఇచ్చే మామూలు రిలీవింగ్ లెటర్ ఇలా ఉంటుంది: 'ఫలానావారు 2019 జూన్ 10 నుంచి 2023 మార్చి 31 వరకు మా సంస్థలో సీనియర్ ఇంజినీర్‌గా పనిచేశారు. వారి ప్రవర్తన సంతృప్తికరం. భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం.' మరో ఉద్యోగానికి ఇది చాలు. ఐఆర్‌సీసీకి చాలదు. ఏం పని చేశారు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత అన్నవి ఇందులో లేవు. కావలసిన పత్రం కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. అందులో దరఖాస్తుదారు పేరు, కంపెనీ చిరునామా, ఫోను, ఈమెయిల్, ఆ సంస్థలో చేసిన ప్రతి హోదా, ఒక్కో హోదాలో ఎప్పటినుంచి ఎప్పటివరకు, ఆ హోదాలో చేసిన పనులు, వారానికి గంటలు, ఏడాది జీతం, ఇతర ప్రయోజనాలు ఉండాలి. కింద పై అధికారి లేదా హెచ్‌ఆర్ అధికారి పేరు, హోదా, సంతకం ఉండాలి. మధ్యలో ప్రమోషన్ వచ్చి పని మారితే విధులన్నీ ఒకే పేరాలో కలిపేయకూడదు. ఏ హోదాలో ఏం చేశారో విడివిడిగా రాయించుకోవాలి.

విధులను ఎన్‌ఓసీ నుంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయడం చాలామంది చేసే పని. కన్సల్టెన్సీలే అలాంటి నమూనాలు ఇస్తుంటాయి. పట్టికలోని వాక్యాలే లేఖలో కనబడితే, వాటిని రాసింది యజమాని కాదన్న అనుమానం అధికారికి కలగడం సహజం. 'సాఫ్ట్‌వేర్ రాయడం, మార్చడం, పరీక్షించడం' అనే బదులు 'బీమా క్లెయిములు పరిష్కరించే అప్లికేషన్‌కు జావాలో మాడ్యూళ్లు రాయడం, నెలవారీ విడుదలకు ముందు లోపాలు సరిచేయడం' అని రాస్తే అది ఒక మనిషి చేసిన పనిలా కనబడుతుంది.

పెద్ద కంపెనీలు చాలావరకు విధులు రాసిన లేఖ ఇవ్వవు. 'మా పాలసీ కాదు' అని హెచ్‌ఆర్ ఒక్క మాటలో తేల్చేస్తుంది. అలాంటప్పుడు కంపెనీ ఇచ్చిన మామూలు సర్టిఫికెట్‌ను అలాగే పెట్టి, దానికి తోడుగా అప్పటి మేనేజర్ చేత, వీలు కాకపోతే కలిసి పనిచేసిన సీనియర్ చేత, విధులను వివరిస్తూ స్టాంపు కాగితం మీద నోటరీ చేసిన అఫిడవిట్ తీసుకుంటారు. ఆ వ్యక్తి అదే సంస్థలో పనిచేసినట్టు రుజువు, వారి ఫోను, ఈమెయిల్ జతచేస్తారు. లేఖ అడిగితే కంపెనీ కాదన్న ఈమెయిల్‌ను కూడా పెట్టి, ఇలా ఎందుకు చేయాల్సి వచ్చిందో ఒక పేజీ వివరణ లేఖలో చెప్పడం మేలు. వీటితో పాటు ఆఫర్ లెటర్, ప్రమోషన్ లెటర్లు, పే స్లిప్పులు, ఫారం 16లు, పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటే ఒకదాన్ని మరొకటి బలపరుస్తాయి. పీఎఫ్ ఖాతాలో చేరిన తేదీ, రాజీనామా తేదీ లేఖలోని తేదీలతో సరిపోలాలి. ఒక్క నెల తేడా ఉన్నా వివరణ ఇచ్చుకోవాలి.

సొంత పని చేసుకున్నవారు తమ గురించి తామే రాసుకున్న పత్రం చెల్లదు. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను రిటర్నులు, చేసిన పనినీ అందుకున్న డబ్బునూ చెప్పే క్లయింట్ల లేఖలు కావాలి. చేతికి నగదుగా జీతం తీసుకున్న ప్రైవేటు స్కూలు టీచర్లు, చిన్న ఆసుపత్రుల నర్సులు ఈ చోట చాలా ఇబ్బంది పడతారు. పని నిజమే, అనుభవమూ నిజమే, చూపడానికి కాగితం మాత్రం ఉండదు. వెళ్లాలన్న ఆలోచన ఉన్నవారు ఇప్పటినుంచైనా జీతం బ్యాంకులో పడేలా, నియామక పత్రం చేతికొచ్చేలా అడిగి చేయించుకోవాలి.

డబ్బు చూపడం

ఇండియా నుంచి ఈ పథకంలో వెళ్లేవారు, అక్కడ దిగాక కొన్ని నెలలు గడపడానికి సరిపడా డబ్బు తమ దగ్గర ఉందని చూపాలి. ఈ మొత్తాన్ని ఏటా మారుస్తారు. 2025 జులైలో ఒక్కరికి 15,263 కెనడా డాలర్లు, నలుగురు సభ్యుల కుటుంబానికి 28,362 డాలర్లుగా నిర్ణయించారు. ప్రస్తుతానికి వెంట రాని భార్యాపిల్లలను కూడా కుటుంబ లెక్కలో కలపాలి.

బ్యాంకు లేఖలో ఖాతా నంబర్లు, అవి తెరిచిన తేదీలు, ప్రస్తుత నిల్వ, గత ఆరు నెలల సగటు నిల్వ, క్రెడిట్ కార్డు బాకీలు, ఇతర అప్పులు ఉండాలి. మన బ్యాంకుల బ్రాంచీల్లో ఈ నమూనా తెలిసినవారు తక్కువ. ఐఆర్‌సీసీ కోరే వివరాలను ముద్రించి తీసుకెళ్లి మేనేజర్‌కు చూపించి రాయించుకోవడమే సులువు. ఆరు నెలల సగటు అడుగుతారు కాబట్టి చివరి వారంలో ఖాతాలో పడిన పెద్ద మొత్తం ఇట్టే కనబడిపోతుంది. అప్పు తెచ్చి చూపకూడదు. ఇల్లు, పొలం, బంగారం విలువ చూపినా లెక్కలోకి రావు. పొలం అమ్మిన డబ్బయితే అమ్మకం దస్తావేజు, తల్లిదండ్రులు ఇచ్చినదైతే తిరిగి ఇవ్వనక్కర్లేదని చెప్పే గిఫ్ట్ డీడ్, వారి ఖాతాలోంచి డబ్బు వచ్చిన దాఖలా జతచేయాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు చూపవచ్చు.

పేరు, కుటుంబం, పోలీసు కాగితాలు

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే చోట ఉండటం తెలుగువారి కాగితాల్లో మామూలు. పెళ్లయ్యాక కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు మారుతుంది, సర్టిఫికెట్లలో మారదు. ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్ పెట్టుకోవాలి. ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా రాయాలి. పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, పెళ్లి ధ్రువపత్రం తెలుగులో ఉంటే అనువాదం కావాలి. అది దరఖాస్తుదారు గానీ కుటుంబ సభ్యులు గానీ చేసినదై ఉండకూడదు. అనువాదకులు ధ్రువీకరణ పొందినవారు కాకపోతే వారి అఫిడవిట్ కూడా జతచేయాలి.

కుటుంబ సభ్యులందరినీ, వెంట వచ్చినా రాకున్నా, దరఖాస్తులో చూపాలి. 22 ఏళ్లలోపు అవివాహిత పిల్లలు ఆధారిత సంతానం కిందికి వస్తారు. విడిపోయిన భార్య దగ్గర పెరుగుతున్న బిడ్డను చూపకపోతే, ఆ బిడ్డను తర్వాత స్పాన్సర్ చేసి పిలిపించుకునే దారి సాధారణంగా మూసుకుపోతుంది. ఫైలు నడుస్తుండగా పెళ్లయినా, బిడ్డ పుట్టినా అప్పుడే తెలియజేయాలి.

గత పదేళ్లలో వరుసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ కావాలి. ఇండియాకు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా పీసీసీ వస్తుంది. అమెరికాలో ఉన్నవారికి ఎఫ్‌బీఐ రికార్డు కావాలి. గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చినవారు ఆ దేశపు సర్టిఫికెట్ ఇక్కడినుంచి తెప్పించుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి పిలుపు కోసం ఆగకూడదు. వైద్య పరీక్షను 2025 ఆగస్టు 21 నుంచి దరఖాస్తుకు ముందే, ఐఆర్‌సీసీ గుర్తించిన వైద్యుల దగ్గర చేయించుకోవాలి.

పిలుపు వచ్చాక 60 రోజులు

ఐటీఏ వచ్చాక పూర్తి దరఖాస్తు పంపడానికి 60 రోజులే గడువు, పొడిగింపు ఉండదు. ప్రొఫైల్ దశలో చెప్పినవన్నీ దరఖాస్తుదారు తన మాటగా చెప్పుకున్నవే, వాటిని నిరూపించాల్సింది ఈ 60 రోజుల్లోనే. పాత కంపెనీ నుంచి లేఖ, ట్రాన్‌స్క్రిప్టు, విదేశీ పోలీసు సర్టిఫికెట్ అప్పుడు వెతకడం మొదలుపెడితే సాధారణంగా కుదరదు. ప్రొఫైల్ వేసే నాటికే అనుభవ పత్రాలు చేతిలో ఉండాలి.

ఫారాల్లో గత పదేళ్ల వ్యక్తిగత చరిత్రను నెల కూడా ఖాళీ లేకుండా నింపాలి. ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న నెలలు, గ్రూప్స్ పరీక్షలకు చదివిన ఏడాది, పిల్లల కోసం పని మానేసిన కాలం అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాయాలి. ఖాళీగా ఉన్నందుకు మార్కులు తగ్గవు. దాచినందుకు మాత్రం అనుమానం వస్తుంది. తప్పనిసరి పత్రం ఒక్కటి లేకున్నా ఫైలును చూడకుండానే అసంపూర్ణమని వెనక్కి పంపవచ్చు.

పిలుపు వచ్చాక మార్కులు మళ్లీ లెక్కవేసుకుని, ఏ కారణంగానైనా కటాఫ్ కన్నా తగ్గాయని తేలితే పిలుపును తిరస్కరించడమే మంచిది. ప్రొఫైల్ మళ్లీ పూల్‌లోకి వెళ్తుంది, ఫీజు పోదు. 2024 ఏప్రిల్ 30న సవరించినప్పుడు ఆ ఫీజును పెద్దవారికి ఒక్కొక్కరికి ప్రాసెసింగ్‌కు 950, శాశ్వత నివాస హక్కుకు 575, మొత్తం 1,525 డాలర్లుగా నిర్ణయించారు.

అబద్ధం, ఏజెంట్లు

చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం తప్పుడు సమాచారం ఇచ్చినా, ముఖ్యమైనది దాచినా ఐదేళ్లపాటు కెనడాలోకి ప్రవేశం ఉండదు. ఆ ఐదేళ్లలో శాశ్వత నివాసానికి దరఖాస్తు కూడా చేయలేరు. దొంగ అనుభవ పత్రాలు అమ్మే దుకాణాల సంగతి హైదరాబాద్‌లో అందరికీ తెలుసు. కొన్ని నిజంగానే రిజిస్టరైన కంపెనీలు, ఫోను చేస్తే ఎత్తేవారూ ఉంటారు. కానీ పీఎఫ్ జమలు, పన్ను వివరాలు, జీతం పడిన ఖాతా మూడూ అలాంటి కాగితంతో పొసగవు.

మనవాళ్లు తప్పు చేసే మరో చోటు వీసా తిరస్కరణల ప్రశ్న. ఏ దేశమైనా ఎప్పుడైనా వీసా నిరాకరించిందా అని అడుగుతారు. పదేళ్ల కిందట అమెరికా స్టూడెంట్ వీసాకు వెళ్లి తిరస్కరణ స్లిప్పుతో బయటికొచ్చినవారు, 'అది కెనడా కాదు కదా' అనుకుని లేదని రాస్తారు. కెనడా, అమెరికాలు వలస సమాచారాన్ని పంచుకుంటాయి. ఆ తిరస్కరణను చెప్పుకుంటే పీఆర్‌కు దాదాపు అడ్డు కాదు. దాచితే ఐదేళ్ల నిషేధం దాకా పోవచ్చు. అధికారికి అనుమానం వస్తే నిర్ణయానికి ముందు సంజాయిషీ కోరుతూ ఒక లేఖ పంపుతారు. దానికి గడువులోగా, ఆధారాలతో జవాబివ్వాలి.

డబ్బు తీసుకుని ఈ పని చేయడానికి కెనడా చట్టం ప్రకారం అధికారం ఉన్నది అక్కడి లాయర్లకు, పారాలీగల్స్‌కు, క్యూబెక్ నోటరీలకు, 2021 నవంబర్ నుంచి పనిచేస్తున్న కన్సల్టెంట్ల నియంత్రణ సంస్థ లైసెన్సు పొందినవారికి మాత్రమే. లైసెన్సుదారుల పేర్లు ఆ సంస్థ వెబ్‌సైటులో వెతికి చూసుకోవచ్చు. లైసెన్సు లేని ఏజెంటు తన పేరు ఫైల్లో ఎక్కడా పెట్టడు. దరఖాస్తుదారే చేసుకున్నట్టు చూపించి, పాస్‌వర్డు తన దగ్గరే ఉంచుకుంటాడు. అతను రాసిన తప్పుకు బాధ్యత మాత్రం సంతకం చేసినవారిదే. ఖాతా, పాస్‌వర్డు, ఈమెయిల్ ఎప్పుడూ తన చేతిలో ఉంచుకోవడం, పంపే ముందు ప్రతి పేజీ చదవడం దరఖాస్తుదారు హక్కు, అవసరం కూడా. ఫారాలన్నీ ఐఆర్‌సీసీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో సీఎల్‌బీ 9 తెచ్చుకున్న వ్యక్తి ఆ ఫారాలను తానే నింపుకోగలరు.

నిర్ణయం తర్వాత

పూర్తి ఫైళ్లలో ఎక్కువ శాతాన్ని ఆరు నెలల్లో తేల్చడం ఐఆర్‌సీసీ పెట్టుకున్న లక్ష్యం. ఆ లోపు వేలిముద్రలు ఇవ్వాలి. వైద్య పరీక్ష ఫలితం 12 నెలలు చెల్లుతుంది. శాశ్వత నివాసం వచ్చాక ప్రతి ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. నర్సులు, డాక్టర్లు, ఉపాధ్యాయులు, ఇంజినీర్లు అక్కడ పని చేయాలంటే రాష్ట్రపు వృత్తి మండలి లైసెన్సు వేరుగా తెచ్చుకోవాలి. పీఆర్ వచ్చినంత మాత్రాన అది రాదు.

తిరస్కరణకు ఈ పథకంలో మామూలు అప్పీలు లేదు. కెనడా బయట ఉన్నవారు 60 రోజుల్లోగా ఫెడరల్ కోర్టును సమీక్షకు అనుమతి కోరవచ్చు. అధికారి నిర్ణయం సహేతుకంగా ఉందా, పద్ధతి ప్రకారం జరిగిందా అన్నదే కోర్టు చూస్తుంది, పీఆర్ ఇవ్వదు. లోపం కాగితాల్లో ఉంటే కొత్తగా ప్రొఫైల్ వేసుకోవడమే చాలామందికి దగ్గరి దారి. దానికి ముందు అధికారి ఫైలులో రాసుకున్న నోట్స్ తెప్పించుకుని చదవాలి. 'లేఖలో విధులు లేవు', 'డబ్బు మూలం చూపలేదు' అన్న కారణాలు వాటిలో స్పష్టంగా ఉంటాయి.